పాత సినిమా పోస్టర్లకి ఫ్రేములు: ఏళ్ల తరబడి వాడాక నా మార్కులు

పాత సినిమా పోస్టర్లు పోగేసేవాళ్లకి ఏదో ఒక దశలో గోడలు చాలవు. నాకు ఆ దశ ఎప్పుడో వచ్చేసింది. ఈలోగా చాలా రకాల ఫ్రేములు వాడి చూశాను. చెక్కవి, అల్యూమినియంవి, నాలుగు అంచులూ టక్కున పైకి లేచే స్నాప్ ఫ్రేములు, పైనా కిందా అయస్కాంతం పట్టీలు మాత్రమే ఉండే హ్యాంగర్లు, అన్నీ ఏళ్లపాటు గోడ మీద ఉన్నవే. ఇంత వాడకం తర్వాత నేను తేల్చుకున్నది ఏమిటంటే, సులువుగా తెరవగలిగే ఫ్రేమే పోస్టరుకి మంచి ఫ్రేము. చెక్క ఎంత ఖరీదైనదైనా సరే, పాలిష్ ఎంత మెరిసినా సరే, వెనక మేకులు దిగ్గొట్టి, పైన కాగితం అంటించి శాశ్వతంగా మూసేసిన దానికి నా దగ్గర పాసు మార్కులు కూడా కష్టమే.

ఎందుకో చెప్తాను. ఈ పోస్టర్లు థియేటరు ముందు కొన్ని వారాలు ఉండి పోవడానికి అచ్చయినవి. చాలావాటికి వాడింది చవక కలప గుజ్జు కాగితం. అందులో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థానికి వెలుతురూ గాలీ తగిలేకొద్దీ కాగితం పచ్చబడుతుంది, ఆమ్లం పుడుతుంది, చివరికి మడత దగ్గర పటుక్కున విరిగేంత పెళుసు అవుతుంది. దీన్ని పూర్తిగా ఆపడం ఏ ఫ్రేము వల్లా కాదు, నెమ్మదింపజేయడమే దాని పని. అది ఆ పని చేస్తోందో లేదో తెలియాలంటే అప్పుడప్పుడు తెరిచి చూడాలి.

ముందు అద్దం సంగతి. అమెరికాలో థియేటర్లకి వెళ్లే మామూలు సైజు పోస్టరుని వన్‌షీట్ అంటారు, 1980ల మధ్యదాకా నడిచిన దాని కొలత 27×41 అంగుళాలు. దానికి 3 మి.మీ. గాజు వేయిస్తే ఆ పలక ఒక్కటే సుమారు 5.4 కిలోలు తూగుతుంది. అదే మందంలో అక్రిలిక్, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్ పలక అయితే రెండున్నర కిలోలు. గాజుకి అంత తేలిగ్గా గీతలు పడవు, తుడవడం సుఖం, చూడటానికి తేటగా ఉంటుంది. కానీ కింద పడితే దాని ముక్కలే పోస్టరుని కోసేస్తాయి. అందుకే నా దగ్గర గాజు ఇప్పుడు థియేటరు లోపల పెట్టే 11×14 అంగుళాల చిన్న లాబీ కార్డులకి పరిమితమైపోయింది. పెద్దవన్నీ అక్రిలిక్‌లోనే.

అక్రిలిక్‌తో కాపురం అంత తేలిక కాదు. పైన ఉండే రక్షణ పొర ఒలవగానే గదిలో దుమ్మంతా దాని మీదకే వస్తుంది. స్టాటిక్ విద్యుత్తు మహిమ. పొడి గుడ్డతో రుద్దేకొద్దీ ఇంకా లాగుతుంది. కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తుడవడం ఒక్కటే నాకు పనికొచ్చింది. గాజు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉన్నవాటిని దగ్గరికి రానివ్వకండి, అక్రిలిక్ మసకబారి సన్నటి పగుళ్లు వస్తాయి. రంగు పెచ్చులు లేచిన పాత షోకార్డులు (అట్ట మీద వేసిన ప్రకటన బొమ్మలు), చేత్తో రంగులద్దిన బొమ్మలు లాంటివాటికి ఈ స్టాటిక్ ప్రమాదం కూడా, ఆ పెచ్చుల్నే పైకి లాగేయగలదు. వాటికి గాజే మేలు. మెరుపు తగ్గించే మ్యాట్ రకం కూడా వాడాను. పోస్టరుకి ఆనుకుని ఉన్నంతవరకే అది బాగుంటుంది. కాస్త ఎడం ఇవ్వగానే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, ఎడం ఇవ్వకపోతే పోస్టరుకి మంచిది కాదు. తిరిగి కొనను.

అతినీలలోహిత కిరణాల్ని 97 నుంచి 99 శాతం దాకా అడ్డుకునే యూవీ అక్రిలిక్ దొరుకుతుంది. మామూలుదాని పక్కన పెట్టి చూస్తే పోస్టరు తెల్ల అంచు మీద పిసరంత పసుపు ఛాయ తెలుస్తుంది, గోడకెక్కాక ఎవరికీ తెలియదు. రీప్రింటు కాని అసలు పోస్టరు పెట్టే ఫ్రేముకి ఇది కొనాల్సిందే. కానీ దీన్ని కొన్నవాళ్లు ఇక పోస్టరుకి ఏమీ కాదనుకుని కిటికీ ఎదురుగా వేలాడదీస్తుంటారు. అది సరికాదు. కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తింటుంది, దాన్ని ఆపితే బొమ్మే కనిపించదు కదా.

ఇది ఎంత నిజమో చూద్దామని, మూలలు చిరిగి ఎలాగూ పనికిరాని ఒక రీరిలీజ్ పోస్టరుని కావాలనే యూవీ అక్రిలిక్ వెనక పెట్టి వెలుతురు బాగా వచ్చే గోడకి వదిలేశాను. రోజూ చూస్తుంటే తేడా తెలియలేదు. కొన్నేళ్లకి ఫ్రేము విప్పితే అప్పుడు బయటపడింది. ఫ్రేము పెదవి కింద దాగిన చిటికెన వేలి గోరంత వెడల్పు అంచులో టైటిల్ ఎరుపు పండు మిరపకాయలా ఉంది. ఆ గీత దాటగానే అదే ఎరుపు ఇటుక రంగు. నాయిక బుగ్గల్లో గులాబీ ఛాయ పోయి నీలి ఛాయ మిగిలింది. చాలా పోస్టర్లలో ముందు వెలిసేవి మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు సిరాలు. సయాన్ (లేత నీలం), నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. పాత పోస్టర్లలో మొహాలు జ్వరం వచ్చి లేచినట్టు నీలంగా కనిపించడానికి కారణం ఇదే.

మ్యూజియాల్లో ఇలాంటి కాగితం మీద వెలుతురుని 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) అటూ ఇటూగా ఉంచుతారు. ఇంట్లో పగటిపూట కిటికీ దగ్గర అది వందలు, వేలు దాటుతుంది. ఫోన్‌లో ఉండే లక్స్ మీటర్ యాప్ కచ్చితంగా చెప్పకపోయినా ఏ గోడ ఎంత చేటో తేల్చుకోవడానికి సరిపోతుంది. ఇక్కడ లెక్క తిన్నగానే ఉంటుంది. 200 లక్స్ దగ్గర మూడు నెలలు, 50 లక్స్ దగ్గర ఏడాది, రెండిట్లోనూ రంగుకి జరిగే నష్టం దాదాపు ఒకటే. కాబట్టి వెలుతురు తగ్గించలేని ఇంట్లో మిగిలిన దారి కాలం తగ్గించడమే. నేను పోస్టర్ల కంటే చాలా తక్కువ ఫ్రేములు పెట్టుకుని, వాటిలో పోస్టర్లని వంతులవారీగా మారుస్తాను. కొన్ని గోడ మీద ఉంటే మిగతావి చీకట్లో విశ్రాంతి తీసుకుంటాయి. ఇల్లూ కొత్తగా కనిపిస్తుంది. ఇక ఫ్రేము తెరవడం ఎంత సులువో ఎందుకు అంత పట్టించుకుంటానో అర్థమయ్యే ఉంటుంది.

తెరవడంలో స్నాప్ ఫ్రేముని మించింది లేదు. గోడ మీంచి దించక్కర్లేదు, నాలుగు పట్టీలు పైకెత్తి పోస్టరు మార్చేసి మళ్లీ నొక్కేయడమే. కానీ అది దుకాణాల్లో ప్రకటనల కోసం పుట్టింది. ముందు వచ్చే పల్చటి ప్లాస్టిక్ రేకు పోస్టరుని నేరుగా తాకుతుంది, చెమ్మ ఎక్కువైన రోజుల్లో సిరా దానికి అతుక్కునే ప్రమాదం ఉంది. రేకు పీవీసీ అయితే ఇంకా చేటు. పైగా ఆ పట్టీలు నాలుగు వైపులా దాదాపు సెంటీమీటరు మింగేస్తాయి. పాత అమెరికన్ పోస్టర్ల కింది అంచులో వాటిని థియేటర్లకి పంపిణీ చేసిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ వేసిన ఏడాది, సంఖ్య ఉంటాయి. భారతీయ పోస్టర్లలో ప్రెస్సు పేరు, డిజైనర్ సంతకం ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. సేకరించేవాడి కన్ను మొదట వెళ్లేదే అక్కడికి! రీప్రింట్లకి స్నాప్ ఫ్రేము భేష్. అసలువాటికి, పోస్టరుని ముందు మైలార్ లాంటి పాలిస్టర్ కవరులో పెట్టి ఆ తర్వాత ఇందులో బిగిస్తే ఒక మోస్తరు.

నాకు బాగా కుదిరినది వెనక నుంచి విప్పే అల్యూమినియం ఫ్రేము. ఒక పక్క మూలల్లో రెండు స్క్రూలు వదులు చేస్తే ఆ పట్టీ ఊడొస్తుంది, లోపలి దొంతరంతా ఒక్కసారి బయటికి జారుతుంది. చెక్కే కావాలంటే, వెనక మేకుల బదులు స్క్రూతో తిరిగే చిన్న లోహపు బిళ్లలు పెట్టించుకోండి. చెక్క గాడి లోపలి వైపు కాగితానికి తగలకుండా పట్టీ అంటించమని కూడా అడగండి, పచ్చి చెక్క నుంచి ఆమ్లం వస్తుంది. అయస్కాంతం హ్యాంగర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దుమ్ముకీ వెలుతురుకీ అడ్డు లేదు, బరువంతా పై అంచు మీదే. రీప్రింట్లకి తప్ప వద్దు.

రెడీమేడ్ ఫ్రేము కొనేటప్పుడు ఒక అంగుళం దగ్గర చిక్కొస్తుంది. సినిమా పోస్టరు ఫ్రేములని అమ్మేవి చాలావరకు 27×40, అంటే 1980ల మధ్య తర్వాతి కొలత. అంతకు ముందువి 27×41. ఒక ఫ్రేముల దుకాణంలో నన్ను చాలా మర్యాదగా, 'ఆ అంగుళం ఎవరికి కనిపిస్తుంది సార్, కోసేద్దామా?' అని అడిగారు. పోస్టరు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేశాను. క్వాడ్ అనే బ్రిటిష్ పోస్టరు 30×40 అడ్డం, భారతీయ పోస్టర్లు ఎక్కువగా 30×40 నిలువు. ఒకే ఫ్రేముకి రెండు వైపులా తగిలించే కొక్కేలు పెట్టిస్తే తిప్పి రెంటికీ వాడుకోవచ్చు. జపాన్ బీ2 పోస్టరు 51.5×72.8 సెంటీమీటర్లు, పెద్ద ఫ్రేములో మౌంట్, అంటే మధ్యలో కిటికీలా కోసిన బోర్డు, చుట్టూ వేసి పెడితే ముచ్చటగా ఉంటుంది.

చాలామంది ముందు వైపు ఖర్చు పెట్టి వెనక్కి ఏదో ఒక అట్ట వేయిస్తారు. నష్టం ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక), గోధుమ రంగు ముడతల అట్ట రెండూ ఆమ్లాన్ని వదులుతూనే ఉంటాయి. పత్తి గుజ్జుతో చేసిన రాగ్ బోర్డు గానీ, కాల్షియం కార్బొనేట్ కలిపిన ఆమ్లరహిత బోర్డు గానీ పోస్టరుకి తగిలేలా ఉండాలి. మౌంట్ కూడా అదే రకం కావాలి. నాసిరకం మౌంట్ ఏళ్లు గడిచాక దాని కోసిన అంచు వెంట పోస్టరు మీద గోధుమరంగు గీత గీస్తుంది, అది పోదు. మౌంట్ ఇష్టం లేకపోతే అక్రిలిక్‌కీ కాగితానికీ మధ్య అంచుల్లో స్పేసర్ పట్టీలు పెట్టించండి, ముందు పలకకి కాగితం అంటకూడదు, అంతే.

పోస్టరుని వెనక బోర్డుకి ఎలా పట్టించారన్నది అన్నిటికంటే ముఖ్యం. నేను పాత ఫ్రేముతో సహా కొన్న ఒక పోస్టరు వెనక్కి నాలుగు అంచులా మాస్కింగ్ టేపు ఉంది. జిగురు కాగితంలోకి దిగి ముందు వైపుకి తేనె రంగు మరకలై తేలింది. సరైన పద్ధతి జపనీస్ కాగితం ముక్కలు, గోధుమ పిండి గంజి, అదీ పై అంచుకి మాత్రమే. కింది అంచు ఊగుతూ ఉండాలి. వానాకాలంలో కాగితం సాగుతుంది, పొడి రోజుల్లో ముడుచుకుంటుంది, దానికి చోటు కావాలి. నాలుగు వైపులా బిగిస్తే ఉబ్బుతుంది. చిన్నవాటికి మూలల్లో పాలిస్టర్ జేబులు చాలు, గంజి పని కూడా తప్పుతుంది.

ఇలా వేలాడదీసిన పోస్టరులో కొద్దిగా అలలు కనిపిస్తాయి. దానికి కంగారుపడి కొందరు డ్రై మౌంట్ చేయించేస్తారు, అంటే వేడికి కరిగే జిగురుతో బోర్డుకి అతికించేయడం. అద్దంలా చదునుగా వస్తుంది, నిజమే. మళ్లీ ఊడిరాదు, విలువా పోతుంది. అలలతో బతకడం అలవాటు చేసుకోండి.

లినెన్ బ్యాకింగ్ మీద నాకు రెండు మనసులున్నాయి. పోస్టరు వెనక ఒక పల్చటి కాగితం, దాని వెనక నూలు కాన్వాస్, గంజితో అతికిస్తారు. నీటితో మళ్లీ విడదీయవచ్చు. 1980ల ముందటి పోస్టర్లు ఎక్కువగా మడతపెట్టి థియేటర్లకి పంపినవే, మడతలు కలిసే చోట రంగు రాలి తెల్ల చుక్క కనిపిస్తుంది. అలాంటివీ చిరిగినవీ లినెన్ మీదకెక్కితే ప్రాణం పోసుకుంటాయి. కానీ మడత గీతలు తప్ప ఏ లోపమూ లేని పోస్టరుని కూడా అలవాటుగా లినెన్‌కి ఇచ్చేయడం నాకు నచ్చదు. ఆ మడతలు దాని చరిత్ర. పైగా నీళ్లలో తడిపే పని కాబట్టి చేసేవాడి చెయ్యి మంచిది కావాలి.

తగిలించడంలో పెద్ద విద్యేం లేదు. బయటి గోడలకి చెమ్మ ఎక్కువ, లోపలి గోడలు మేలు. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బుడిపెలు అంటిస్తే గాలి ఆడుతుంది, పురుగులు కాపురం పెట్టవు. పెద్దవాటికి ఒక్క మేకు కాదు, రెండు కొక్కేలు.

విశ్రాంతిలో ఉన్న పోస్టర్లని బల్లపరుపుగా, ఆమ్లరహిత కాగితం మధ్యన, మంచి వెడల్పు సొరుగులో పెడతాను. చోటు లేనివాళ్లు ట్యూబు వాడుకోవచ్చు, కానీ వెడల్పుది కావాలి. సన్నటి ట్యూబులోంచి తీసిన పోస్టరు రోజుల తరబడి చుట్టుకుపోతూనే ఉంటుంది, ఫ్రేములో పెట్టబోతే అంచు చిరుగుతుంది.

ఇక త్రీషీట్లు అనే 41×81 అంగుళాల పెద్ద పోస్టర్లు. వీటికి ఫ్రేము చేయించాలన్న ఆశ నేను వదులుకున్నాను. అంత పెద్ద అక్రిలిక్ పలక మధ్యలో వంగి పోస్టరుని తాకుతుంది, మందం పెంచితే గోడ మోయలేని బరువు అవుతుంది. లినెన్ మీద ఉన్నవాటికి పై అంచు దాటి మిగిలిన కాన్వాస్‌కి వెల్క్రో పట్టీ కుట్టించి, గోడకి బిగించిన చెక్క పట్టీకి రెండో వెల్క్రో పెట్టి, కర్టెన్లు మూసి ఉండే గదిలో కొన్ని వారాలు వేలాడదీస్తాను. దించడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి, ఒకడు పైన ఊడదీస్తుంటే రెండోవాడు కింద పట్టుకోవాలి.