స్టార్టింగ్‌లోనే ట్రిప్పయ్యే ఓవర్‌లోడ్ రిలే: రెండు రకాలూ వాడాక

నేను చూసుకునే మోటార్లలో బాగా ఏడిపించింది ఒక బ్లోయర్ మోటారు. 7.5 కిలోవాట్లు, డైరెక్ట్ స్టార్టర్ (ఒకేసారి పూర్తి ఓల్టేజీ ఇచ్చేది), నేమ్‌ప్లేట్ మీద 14.5 ఆంపియర్లు. ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేసే (ట్రిప్ చేసే) ఓవర్‌లోడ్ రిలేల్లో దానికి ఏడేళ్లు మామూలు బైమెటల్ రకం వాడాను, అంటే వేడికి వంగే లోహపు పట్టీలున్నది. అది క్లాస్ 10 (ఎంత త్వరగా ట్రిప్పవుతుందో చెప్పే తరగతి). గత రెండేళ్లుగా ఎలక్ట్రానిక్ రిలే వాడుతున్నాను.

మొదటి ఐదేళ్లలో బైమెటల్ రిలే పేరెత్తాల్సిన అవసరమే రాలేదు. తర్వాత ఇంపెల్లర్ (గాలి తోసే రెక్కల చక్రం) అరిగిపోతే ఇంకాస్త బరువైనది వేశారు. అప్పటినుంచీ మొదలైంది గోల. పొద్దున మొదటిసారి ఎలాగోలా ఎత్తుకునేది. మధ్యలో ఆపి వెంటనే వేస్తే మాత్రం టక్కుమని ట్రిప్. చల్లగా ఉన్నప్పుడు తట్టుకుని, వేడి మీద ట్రిప్పవుతోందంటే లోపలి బైమెటల్ పట్టీలు ఇంకా చల్లారలేదని అర్థం. ఆ ఆనవాలు నాకప్పుడు తట్టలేదు. రిలే పోయిందనుకుని కొత్తది వేశాను. అదీ అంతే.

తర్వాత ఒక్కొక్కటీ వెతికాను. ఒక టెర్మినల్ స్క్రూ వదులుగా ఉండి వైరు చివర నల్లబడింది. ఆ వేడి నేరుగా రిలేలోకే పోతుంది కాబట్టి కరెంటు సరిగ్గా ఉన్నా ట్రిప్పవుతుంది. ఎంత కరెంటుకు రిలే పనిచేయాలో పెట్టే డయల్ 13 మీద ఉంటే 14.5కి తెచ్చాను. ట్రిప్పులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు.

ఇక విసిగిపోయి డయల్‌ను 18కి తిప్పేశాం. ట్రిప్ ఆగింది, అందరికీ ప్రాణం లేచొచ్చింది. నాలుగు నెలలకు వైండింగ్ కాలిపోయింది. ముందురోజే టాంగ్ టెస్టర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) 18.5 ఆంపియర్లు చూశాను, రిలే ఉంది కదా అని ఊరుకున్నాను. ఈ రకం రిలే సెట్ చేసిన కరెంటుకు 1.05 రెట్ల దాకా రెండు గంటలైనా ట్రిప్ కాకూడదు, 1.2 రెట్లకు రెండు గంటల్లోపు ట్రిప్ కావాలి. 18 మీద ఉన్న డయల్‌కు 18.5 లెక్కలోకే రాదు. అదే 14.5 మీద ఉంచి ఉంటే 1.28 రెట్లయ్యేది, మోటారు దక్కేది. తప్పు రిలేది కాదు, నాది.

మోటారు రివైండింగ్ అయి వచ్చాక, ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, టాంగ్ టెస్టర్‌లో స్టార్టింగ్ కరెంటు మామూలుకు దిగివచ్చేదాకా లెక్కపెట్టాను. 13 సెకన్లు! పాత ఇంపెల్లర్‌తో ఇందులో సగం కూడా పట్టేది కాదు. క్లాస్ 10 అంటే సెట్టింగ్‌కు 7.2 రెట్ల కరెంటులో 4 నుంచి 10 సెకన్లలో ట్రిప్పయ్యేది. క్లాస్ 20కి 6 నుంచి 20 సెకన్లు. మా మోటారు స్టార్టింగ్‌లో ఆరు రెట్లు లాగుతుంది. అంటే ఆ రిలే తన పని తను సరిగ్గానే చేస్తోంది, ఈ లోడుకు తగినది కాదంతే. డ్యాంపర్ (గాలి దారిని మూసే పలక) మూసి స్టార్ట్ చేస్తే 10 సెకన్లకు తగ్గింది. సాధారణంగా తీసుకునే జాగ్రత్తే అయినా మా దగ్గర ఎవరూ మూసేవారు కాదు. ఓల్టేజీ కూడా చూడండి: 80 శాతానికి పడితే స్టార్టింగ్ టార్క్ (తిప్పే బలం) 64 శాతమే మిగులుతుంది, సెకన్లు ఇంకా పెరుగుతాయి.

అప్పుడు వేసిందే ఎలక్ట్రానిక్ రిలే. క్లాస్ 20 పెట్టాను, డయల్ మళ్లీ 14.5. రెండేళ్లలో స్టార్టింగ్ ట్రిప్ ఒక్కటీ లేదు. ఒకసారి ఫ్యూజు పోయి ఒక ఫేజు తెగితే కొన్ని సెకన్లలోనే ఆపేసింది. నాకు నచ్చనిదల్లా ఒకటే, ట్రిప్పయ్యాక కారణం చెప్పదు. ఓవర్‌లోడా, ఫేజు పోయిందా అన్నది మనమే వెతుక్కోవాలి. కారణం చూపించే మోడళ్లూ ఉన్నాయి, నేను కొన్నది ఆ రకం కాదు. ఇంకో మాట: క్లాస్ పెంచే ముందు, రోటర్ తిరక్కుండా ఆగిపోతే మోటారు ఎన్ని సెకన్లు ఓర్చుకుంటుందో డేటా షీట్‌లో చూడాలి. రిలే అంతకన్నా ముందే ట్రిప్ కావాలి.

స్టార్-డెల్టా ప్యానెల్ (వైండింగ్‌ను మొదట స్టార్‌లో, తర్వాత డెల్టాలో కలిపే స్టార్టర్) ఉన్నవాళ్లకు లెక్క వేరు. రిలే డెల్టా లోపల, అంటే మెయిన్ కాంటాక్టర్ (కరెంటు కలిపే, తెంచే స్విచ్) కిందే ఉంటే నేమ్‌ప్లేట్ కరెంటులో 0.58 వంతుకు సెట్ చేయాలి. పూర్తి కరెంటు పెట్టేసిన ప్యానెళ్లు చాలా చూశాను. అవి ఎప్పుడూ ట్రిప్ కావు, అదే భయం.

రెండు సెకన్లలో ఎత్తుకునే చిన్న పంపు మోటార్లకు నేను ఇప్పటికీ బైమెటల్ రిలేనే వేస్తున్నాను. ట్రిప్పయ్యాక చేసే రీసెట్ మాత్రం అన్నింటికీ మాన్యువల్‌లోనే, అంటే చేత్తో నొక్కితేనే. ఫ్లోట్ స్విచ్‌తో నడిచే పంపుకు ఆటోలో వదిలేస్తే, ఎందుకు ఆగిందా అని మనం చెయ్యి పెట్టి చూస్తున్నప్పుడే అది తిరగడం మొదలుపెట్టొచ్చు.