బోర్డుకా, బజారుకా? కెనడా గోధుమ రైతుల తగవులో ఏది మేలు

2002 అక్టోబరు చివర్లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రం, లెత్‌బ్రిడ్జ్ ఊళ్లో 13 మంది రైతులు జైలుకు వెళ్లారు. సొంత పొలంలో పండిన ధాన్యాన్ని ఎగుమతి లైసెన్సు లేకుండా సరిహద్దు దాటించి అమెరికాకు పట్టుకెళ్లడమే వాళ్ల నేరం. జరిమానా కడితే సరిపోయేది. కట్టం, జైలుకే పోతాం అన్నారు. 2011లో పశ్చిమ కెనడా మైదాన ప్రాంత రైతుల మధ్యే ఓటింగ్ పెడితే, గోధుమల విషయంలో 62 శాతం మంది ఆ లైసెన్సు ఇచ్చే కెనడా గోధుమ బోర్డే ఉండాలన్నారు. పంట ఎవరికి అమ్మాలన్న గొడవ మన దగ్గర వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండు సంగతులూ గుర్తొస్తాయి. దళారులు ఒకవైపు, రైతులు ఒకవైపు అని గీత గీసి తేల్చేసే తగవు కాదిది. రెండు పక్షాల్లోనూ ఉన్నది రైతులే.

కెనడా గోధుమ బోర్డు 1935లో పుట్టింది. మొదట ఇష్టమైనవాళ్లే దానికి అమ్మేవారు. యుద్ధకాలంలో, 1943లో తప్పనిసరి చేశారు. మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియాలోని పీస్ నది ప్రాంతం దాని పరిధి. తూర్పున ఉన్న ఒంటారియో రైతుకు ఈ తప్పనిసరి అమ్మకం ఉండేది కాదు. పశ్చిమ రైతుల కడుపుమంటకు అదొక కారణం.

బోర్డు పని తీరు ఇలా ఉండేది. రైతు గోధుమలు తోలుకెళ్లి దగ్గర్లోని ఎలివేటర్‌లో, అంటే రైలు పట్టాల పక్కన ఉండే ఎత్తైన గోదాములో, అప్పగిస్తాడు. ప్రభుత్వ హామీ ఉన్న మొదటి విడత డబ్బు అప్పుడే వస్తుంది. ఏడాది పొడవునా బోర్డు ప్రపంచమంతా అమ్మి, వచ్చిన సొమ్మంతా ఒకే కుప్పగా పోసి, ఖర్చులు తీసేసి, మిగిలింది టన్నుల లెక్కన పంచుతుంది. దీన్ని పూలింగ్ అనేవారు. సెప్టెంబరులో అమ్మినా, మే నెలలో అమ్మినా ఒకే రకానికి, ఒకే నాణ్యతకు ఒకే ధర. రవాణా ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే. కోత అయిన వెంటనే అప్పులవాడి ఒత్తిడికి తక్కువకు తెగనమ్ముకునే దుస్థితి దీనివల్ల తప్పింది. కళ్లంలోనే వ్యాపారికి ధాన్యం కాంటా వేసి ఇచ్చేసి, నెల తిరక్కుండానే ధర పెరగడం చూసి కుమిలిపోయిన రైతు ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా మనసు బోర్డు వైపే మొగ్గుతుంది.

కానీ రెండో పక్షం మాట కొట్టిపారేసేది కాదు. సరిహద్దుకు పది మైళ్ల దూరంలో పొలం ఉన్న రైతుకు, అవతల అమెరికా ఎలివేటర్‌లో ఆ రోజు ధర ఎంతో తెలుసు. అది ఎక్కువగా ఉన్నా తీసుకెళ్లి అమ్మే హక్కు ఉండేది కాదు. తనే ఎగుమతి చేయాలంటే ముందు తన గోధుమల్ని బోర్డుకు అమ్మినట్టు రాసి, మళ్లీ బోర్డు చెప్పిన ధరకు తనే కొనుక్కోవాల్సి వచ్చేది. సొంతంగా పాస్తా మిల్లు పెడదామనుకున్న రైతులకూ ఇదే అడ్డంకి అయ్యేది. ఇక బోర్డు ఎవరికి ఎంతకు అమ్మిందో ఆ ఒప్పందాల వివరాలు రైతుకు చూపించేది కాదు, వ్యాపార రహస్యం అనేది. నా సరుకు అమ్మిన ధర నాకే చెప్పకపోతే ఎలా అని అడిగిన రైతుకు సరైన జవాబు నాకూ కనిపించలేదు.

అసలు ఒకే చేతిమీదుగా అమ్మితే ధర పెరుగుతుందా? పంటను బట్టి ఉంటుందని నా అభిప్రాయం. పాస్తాకు వాడే డ్యూరమ్ గోధుమల ఎగుమతిలో ప్రపంచంలో కెనడాదే పెద్ద వాటా. అంత సరుకు ఒకరి చేతిలో ఉంటే కొనేవాడు బేరం ఆచితూచి ఆడాలి. బోర్డు పరిధిలోనే ఉన్నా, పశువుల దాణాకు పోయే బార్లీ సంగతి వేరు. అది ఎక్కువగా ఆల్బర్టాలోని పశువుల ఫామ్‌లకే పోతుంది. అక్కడ బోర్డు చూపగలిగిన బలం తక్కువ. దేశంలోపలి దాణా వ్యాపారాన్ని 1970ల్లోనే వదిలేశారు. ఓట్స్‌ను 1989లో బోర్డు నుంచి తప్పించారు. ఆ రైతులు అమెరికా మిల్లులకు అమ్ముకుని బాగానే నిలదొక్కుకున్నారు. రైతులకూ ఈ తేడా తెలుసు. 2011 ఓటింగ్‌లో గోధుమలకు 62 శాతం బోర్డును కోరితే, బార్లీకి అది 51 శాతమే.

చాలామందికి నచ్చే మధ్యే మార్గం ఒకటుంది. బోర్డూ ఉంటుంది, బజారూ ఉంటుంది, ఇష్టమున్నవాడు ఇష్టమున్న చోట అమ్ముకోవచ్చు. వినడానికి ఇంతకంటే న్యాయం లేదు. 2007లో బార్లీపై ప్రభుత్వం పెట్టిన ఓటింగ్‌లో మూడు ప్రశ్నలు ఇస్తే, 48.4 శాతం దీనికే ఓటేశారు. బోర్డు ఒక్కటే చాలన్నవాళ్లు 37.8, బోర్డే వద్దన్నవాళ్లు 13.8. ప్రభుత్వం మొదటిదీ చివరిదీ కలిపేసి 62 శాతం మార్పు కోరారంది. బోర్డు ఉండాలన్నవాళ్లనూ, వద్దన్నవాళ్లనూ ఒకే లెక్కలో వేసిన ఆ కూడికను నేను ఒప్పుకోలేను.

పైగా ఆ మధ్యే మార్గం నిలబడదు. బోర్డుకు సొంత ఎలివేటర్లు ఉండేవి కావు, రేవుల్లో టెర్మినళ్లు ఉండేవి కావు. రైతులందరి ధాన్యం తనకే రావాలన్న చట్టమే దాని బలం. అది తీసేస్తే, తనతో పోటీపడే కంపెనీల గోదాముల్లోనే చోటు అడుక్కోవాలి. బజారు ధర పైకి పోతున్నప్పుడు రైతులు బయట అమ్ముతారు, పడిపోతున్నప్పుడు బోర్డు దగ్గరికొస్తారు. అలాంటి కుప్పలో మిగిలేది నష్టమే. చట్టం మారాక 2012 ఆగస్టు 1 నుంచి బోర్డు స్వచ్ఛంద సంస్థగా నడిచింది. మూడేళ్లు తిరిగేసరికి, 2015లో అందులో 50.1 శాతం వాటా ధాన్యం వ్యాపారం చేసే బంగీ కంపెనీ, సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ కలిసి పెట్టిన జీ3 చేతికి వెళ్లింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ మార్పు వచ్చిన తీరు. 1998 సవరణతో బోర్డు పాలన రైతుల చేతికి వచ్చింది. 15 మంది డైరెక్టర్లలో 10 మందిని రైతులే ఎన్నుకునేవారు. గోధుమల్నో బార్లీనో బోర్డు నుంచి తప్పించాలంటే మంత్రి బోర్డును సంప్రదించాలి, రైతుల ఓటు తీసుకోవాలి అని చట్టంలోనే రాశారు. 2006 చివర్లో, ప్రభుత్వ దారికి అడ్డొచ్చిన బోర్డు సీఈఓ ఏడ్రియన్ మెజ్‌నర్‌ను తీసేశారు. 2011లో ప్రభుత్వం ఓటింగ్ పెట్టలేదు. బోర్డే సొంతంగా పెట్టింది. ఫలితాన్ని వ్యవసాయ మంత్రి గెర్రీ రిట్జ్ లెక్కలోకి తీసుకోలేదు. మంత్రి చట్టాన్ని పాటించలేదని ఆ డిసెంబరులో ఫెడరల్ కోర్టు జడ్జి తీర్పిచ్చినా బోర్డు గుత్తను తీసేసే బిల్లు ఆగలేదు, ఎనిమిది రోజుల్లోనే చట్టమైంది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఎన్నికైన డైరెక్టర్లు ఇంటికెళ్లారు. స్వేచ్ఛ ఇస్తున్నామంటూ ఓటు తీసేసుకోవడం నా దృష్టిలో అన్యాయమే.

అలాగని గుత్త హక్కు ఉంటే చాలు, రైతుకు మేలు జరుగుతుందని నమ్మితే ఆస్ట్రేలియా వైపు చూడాలి. అక్కడి గోధుమ బోర్డును 1999లో కంపెనీగా మార్చి, ఎగుమతి గుత్తను దాని చేతిలోనే ఉంచారు. 2001లో షేర్ మార్కెట్‌కు ఎక్కించారు. ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్న ఇరాక్‌కు గోధుమలు అమ్మడానికి, రవాణా ఛార్జీల పేరుతో సద్దాం ప్రభుత్వానికి దాదాపు 29 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ముట్టజెప్పినట్టు 2006లో కోల్ విచారణ తేల్చింది. రెండేళ్లకు గుత్త పోయింది. పోటీ లేదు, పక్కనుంచి చూసేవాడూ లేడు. అలాంటి చోట రైతు పేరు చెప్పి ఎవరు ఏం చేసినా బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

బజారు వచ్చాక కెనడాలో ఏమైంది? మొదటి ఏడాది ధరలు బాగున్నాయి, రైతులు ఫోన్లోనే బేరాలు కుదుర్చుకున్నారు. 2013లో రికార్డు పంట పండింది, అన్ని పంటలూ కలిపి దాదాపు 7.6 కోట్ల టన్నులు. ఆ చలికాలం విపరీతమైన మంచు. రైళ్లు కదల్లేదు, వాంకోవర్‌లో ఓడలు ఎదురుచూశాయి, పొలాల్లో గోదాములు నిండిపోయాయి. చివరికి ప్రభుత్వమే రెండు రైల్వే కంపెనీలను వారానికి చెరో 5 లక్షల టన్నులు మోయాలని ఆదేశించింది. బోర్డు ఉన్నా మంచు కురిసేదే, పంట ఎక్కువయ్యేదే. కానీ ఏ ఓడకు ఏ ధాన్యం ముందు పోవాలో రైతుల తరఫున చూసే ఒక చోటు లేకపోవడం ఆ చలికాలంలో బాగా తెలిసొచ్చింది. రేవు ధరకూ పొలం దగ్గర ఇచ్చే ధరకూ మధ్య తేడా పెరిగిపోయింది.

ఆ రైతులు బఠాణీలు, మసూర్ పప్పు ఎప్పుడూ స్వేచ్ఛగానే అమ్మారు. మన దేశం వాళ్లకు పెద్ద గిరాకీ. 2017 నవంబరులో మనం బఠాణీలపై 50 శాతం సుంకం వేసినప్పుడు ఆ దెబ్బ ఒక్కో రైతు విడివిడిగా తిన్నాడు. బోర్డు ఉంటే సుంకం తగ్గేది కాదు గానీ, నష్టం కొంత పంచుకునేవారు.

నాకు ఓటుంటే గోధుమలకు బోర్డు, బార్లీకి బజారు అంటాను. అదీ పండించేవాళ్లు రహస్య ఓటింగ్‌లో, రెండే ప్రశ్నలతో తేల్చుకోవాలి. అమ్మకాల లెక్కలు రైతులు నియమించిన ఆడిటర్‌కు పూర్తిగా తెరవాలి. మన ధాన్యం కొనుగోలు కేంద్రాల విషయంలోనూ నాది ఇదే పట్టు. కేంద్రం ఉండాలి. తేమ ఎంత చూపిస్తోంది, తరుగు ఎన్ని కిలోలు కోస్తున్నారు అన్నది ఆ ఊరి రైతులు ఎన్నుకున్న ఇద్దరు మనుషులు కాంటా పక్కన నిలబడి రాసుకోవాలి.