ఇంకుడు గుంతా, పెద్ద నాలానా, కుంటా: కొత్త లేఅవుట్ వాన నీటికి ఏది మేలు?

మా ఇంటి గేటు పక్కన ఒక ఇంకుడు గుంత ఉంది. ఇల్లు కట్టేటప్పుడు అనుమతి కోసం తవ్వించినదే. మొన్న వేసవిలో మూత తీయించి చూశాను. ఇసుక ఉండవలసిన చోట సిమెంటు పాలు గట్టిపడి ఉన్నాయి, వాటి మీద కుళ్లిన వేపాకు మందంగా పేరుకుంది. పనివాడు గడ్డపార వేస్తే ఠంగుమంది. ఇన్నేళ్లలో అందులోకి ఎన్ని చుక్కలు దిగాయో ఊహించుకోవచ్చు. కాగితం మీద మాత్రం ఆ గుంత ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తోంది.

పొలంగా ఉన్నప్పుడు ఎకరం నేల మీద పడిన వాన గట్ల మధ్య కాసేపు నిలుస్తుంది, కొంత ఇంకుతుంది, మిగిలింది నింపాదిగా దిగువ చెరువు చేరుతుంది. అదే ఎకరంలో డాబాలు, సిమెంటు రోడ్లు వచ్చాక నీరంతా ఒక్క ఉదుటున కింది కాలనీ మీద పడుతుంది. హైదరాబాద్‌కు ఇది చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. ఇలాంటి నీటిని కొత్త లేఅవుట్ ఎలా పట్టుకోవాలి? మన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఇంటింటా ఇంకుడు గుంత. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం నుంచి మన నిబంధనలు ఎక్కువగా నమ్ముకున్నది దీన్నే. లెక్క వేసి చూద్దాం. 200 గజాల స్థలమంటే సుమారు 167 చదరపు మీటర్లు. స్థలమంతా కట్టేశాక 10 సెంటీమీటర్ల వాన పడితే వచ్చే నీరు దాదాపు 16,700 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, ఆరడుగుల లోతున్న గుంతలో ఖాళీగా ఉంటే 2,700 లీటర్లు పడతాయి. కానీ అందులో కంకర నింపుతాం కదా, రాళ్ల సందుల్లో పట్టేది 1,100 లీటర్ల లోపే. అంటే ఆరేడు మిల్లీమీటర్ల వానకే గుంత నిండిపోతుంది. కింద మొరం ఉంటే కాస్త నయం, రాతి పొర తగిలితే దిగేదీ తక్కువే. బోరుకు ఇది మంచిదే, ఏప్రిల్‌లో ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది. వరదను మాత్రం ఆపలేదు. దాన్ని వరదకు మందుగా అమ్మడమే తప్పు.

రెండోది నాలా వెడల్పు చేయడం, పెద్ద కాంక్రీటు కాలువ కట్టడం. 2020 వరదల తర్వాత, 2021లో మొదలైన నాలాల అభివృద్ధి పథకం ఈ బాట పట్టింది. చుట్టూ ఇళ్లు వచ్చేసి అంగుళం ఖాళీ లేని పాత బస్తీలకు వేరే దారి లేదు, ఒప్పుకోవలసిందే. అయితే నున్నటి కాంక్రీటు మీద నీరు ఇంకా వేగంగా పరుగెత్తుతుంది. పైన పది మీటర్ల కాలువ కట్టి, కింద పాత కల్వర్టును అలాగే వదిలేస్తే ముంపు పోదు, చిరునామా మారుతుంది. పైకాలనీ వాళ్లు నాయకుడికి సన్మానం చేస్తుంటే కిందికాలనీ వాళ్లు సెల్లార్లో మోటారు పెట్టి నీళ్లు తోడుకుంటారు. కొత్తగా వేసే లేఅవుట్‌కు ఈ ఖర్చును ఊరందరి మీద రుద్దడం నాకు న్యాయంగా కనిపించదు.

మూడోది, లేఅవుట్‌లోనే పల్లపు మూల చూసి ఒక కుంట వదలడం. ఇది మనకు కొత్త విద్య కాదు. గొలుసుకట్టు చెరువుల్లో తూము, అలుగు చేసే పని ఇదే: తూము కొలత ప్రకారం కొద్దికొద్దిగా వదులుతుంది, మరీ ఎక్కువైతే అలుగు పారుతుంది. సింగపూర్ ఇదే సూత్రాన్ని నిబంధనల్లో రాసుకుంది. 2014 నుంచి అక్కడ 0.2 హెక్టార్లు, అంతకు మించిన స్థలంలో ఏది కట్టినా, బయటి కాలువలోకి నీరు ఎంత జోరుగా వదలవచ్చో దానికి హద్దు ఉంది. ఆ హద్దులో ఎలా ఉంటారన్నది కట్టేవాళ్ల తలనొప్పి. మన అధికారులు గుంతలు లెక్కపెడతారు, వాళ్లు బయటికి వచ్చే నీటిని లెక్కపెడతారు. నా దృష్టిలో అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

భూమి పోతుందన్నది బిల్డర్ల అభ్యంతరం. ఎంత పోతుందో చూద్దాం. పదెకరాల మీద 10 సెంటీమీటర్లు పడితే సుమారు 4,000 ఘనపు మీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో 30 శాతం, ఇళ్లు వచ్చాక 70 శాతం బయటికి పారుతుందనుకుంటే, అదనంగా పట్టి ఉంచవలసింది 1,600 ఘనపు మీటర్లు. మీటరున్నర లోతు కుంటకు పావు ఎకరం పైచిలుకు చాలు. అంటే పది ఎకరాల్లో 200 గజాల ప్లాట్లు ఆరో, ఏడో. దాన్ని పార్కులోనే పల్లంగా మలిస్తే అంత కూడా పోదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండే ఉంటుంది, పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు.

కుంటకూ రోగాలున్నాయి. పూడిక తీయకపోతే అది దోమల తొట్టి అవుతుంది. మురుగు కలిస్తే కంపు. అన్నిటికన్నా పెద్ద రోగం మాత్రం కబ్జా. భవన నిర్మాణ నిబంధనల మీద వచ్చిన 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. ఆ గీతలున్నా చెరువులే మిగలలేదు, పావు ఎకరం కుంటకు దిక్కెవరు?

అందుకే కొత్త లేఅవుట్‌కు నా ఓటు కుంటకు, ఒక షరతు మీద. ప్లాను ఆమోదం నాటికే ఆ స్థలం స్థానిక సంస్థ పేర రిజిస్టరు కావాలి, తూము కొలత ప్లానులోనే ఉండాలి, ఏటా మే నెలలో పూడిక తీయించే బాధ్యత కాలనీ సంఘం నిబంధనావళిలో రాసి ఉండాలి. ప్లాటు కొనేవాళ్లు బిల్డరును ముందు అడగవలసింది నీరు ఏ మూల నుంచి, ఎంత సైజు తూములోంచి బయటికి పోతుందని. క్లబ్‌హౌస్ సంగతి తర్వాత. మా గుంతంటారా, సిమెంటు పొర పగలగొట్టించి కొత్త కంకర పోయించాను. జూన్‌లో మళ్లీ మూత తీస్తాను.