ఫైనల్ టికెట్ దొరకలేదు, అయినా గ్రాండ్ పలే చూశాం

మా అమ్మాయి మూడేళ్లుగా ఫెన్సింగ్, అంటే కత్తిసాము పోటీ, నేర్చుకుంటోంది. దానికి కారణం భవానీ దేవి. ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారతీయ ఫెన్సర్ ఆవిడే. 2021లో టోక్యోలో మొదటి మ్యాచ్ 15-3తో గెలిచి, రెండోది 7-15తో ఫ్రాన్స్ అమ్మాయి మనోన్ బ్రూనే చేతిలో ఓడిపోయింది. అప్పటినుంచి ఆ బ్రూనే పేరు మా ఇంట్లో దాయాదుల పేరు పలికినట్టే పలుకుతాం. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్దామనుకున్నప్పుడు మా అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే: భవానీ ఆడే సేబర్ (ఫెన్సింగ్‌లో ఒక రకం కత్తి), అందులో ఆడవాళ్ల పోటీ ఉన్న జులై 29 టికెట్ దొరకాలి.

పోటీలు గ్రాండ్ పలే అనే పాత భవనంలో. ఫైనల్స్ రాత్రి 7 గంటలకు. రీసేల్ సైట్‌లో పది రోజులు కాపు కాసినా ఆ టికెట్ మాకు చిక్కలేదు. పగటి సెషన్‌కి మాత్రం మూడు దొరికాయి. అప్పుడు ఏడుపుమొహాలు పెట్టుకున్నాం గానీ, ఇప్పుడు ఎవరడిగినా మొదటిసారైతే పగటి సెషనే కొనమంటాను. ఫైనల్స్‌లో ఒకే పిస్ట్ (ఆడే పొడవాటి పట్టీ) మీద ఒకే మ్యాచ్. పగలైతే నాలుగు పిస్టుల మీద ఒకేసారి నాలుగు మ్యాచ్‌లు. ఆ రోజు ఆడవాళ్ల సేబర్‌తో పాటు మగవాళ్ల ఫాయిల్ (ఇంకో రకం కత్తి) కూడా ఉంది. ఒక్క టికెట్‌తో రెండు ఆయుధాలు, క్వార్టర్ ఫైనల్స్ దాకా చూడొచ్చు.

బస సంగతి. గార్ దు నోర్ స్టేషన్‌కి దగ్గర్లో, లా షపెల్ వైపు ఒక చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లిఫ్ట్ ఉందని రాసి ఉంది. ఉంది కూడా, కానీ నాలుగో అంతస్తు దాకానే. మా గది ఆరో అంతస్తులో. మా ఆయన రెండు సూట్‌కేసులు మోసుకెళ్లి, మర్నాటి దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఓనరుకి మెసేజ్ పెడితే నవ్వు మొహం బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. ఇంత జరిగినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను. విమానాశ్రయం నుంచి రైలు నేరుగా గార్ దు నోర్‌కి వస్తుంది. వీధి నిండా శ్రీలంక తమిళుల దుకాణాలు. కరివేపాకు నుంచి మునక్కాడ దాకా అన్నీ ఉన్నాయి. దోసె మనలా కరకరలాడదు గానీ సాంబారు బాగుంది.

ఖర్చులో గుండె గుభేల్‌మన్నది మెట్రో దగ్గర. అప్పటిదాకా 2.15 యూరోలున్న టికెట్ ఆటల రోజుల్లో 4 యూరోలు చేశారు. విమానాశ్రయం నుంచి మనిషికి 16. ఇక గ్రాండ్ పలే పక్కనున్న స్టేషన్ మూసేయడంతో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌లో దిగి నడిచాం. దారి పొడవునా వాలంటీర్లు ఉన్నారు, తప్పిపోయే ప్రసక్తే లేదు.

గ్రాండ్ పలే 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన భవనం. లోపలికి అడుగుపెట్టి తలెత్తితే ఆకుపచ్చ ఇనప దూలాలు, వాటి మధ్య అద్దాలు, ఆ అద్దాల్లోంచి ఆకాశం. ఆట మొదలవకముందే టికెట్ డబ్బులు సగం గిట్టాయనిపించింది. మిగతా సగం ఎండ లాగేసుకుంది. బయట ఎండ మండుతుంటే అద్దాల కప్పు కింద మధ్యాహ్నం మూడింటికి కూర్చోవడం, డాబా మీద వడియాలతో పాటు మనమూ ఆరినట్టే. తాత్కాలికంగా వేసిన స్టాండ్లు కాబట్టి మోకాళ్లు ముందువాళ్ల వీపుకి తగిలాయి. కూల్‌డ్రింక్ కొంటే కప్పుకి 2 యూరోల డిపాజిట్ అదనంగా తీసుకున్నారు. మంచినీళ్లు ఉచితమే గానీ, బాటిల్ నింపుకోవడానికి క్యూలో నిలబడాల్సి వచ్చింది.

సేబర్ మొదటిసారి చూసేవాళ్లకు ఒక మాట. కత్తుల్ని చూడకండి, కంటికి ఆనవు. ఇద్దరూ ఎదురెదురుగా దూసుకొస్తారు, ఎర్ర లైటు, పచ్చ లైటు కలిసి వెలుగుతాయి, ఇద్దరూ తామే గెలిచామన్నట్టు అరుస్తారు. "ఇప్పుడు పాయింట్ ఎవరికే?" అని నేను ప్రతిసారీ అడుగుతుంటే మా అమ్మాయి విసుక్కుంది: "అమ్మా, రిఫరీ చెయ్యి చూడు!" నిజమే. దాడి ముందు ఎవరిదో రిఫరీ చేత్తో చూపిస్తాడు. రెండు లైట్లూ వెలిగినప్పుడు పాయింట్ వాళ్లకే. ఆ కిటుకు పట్టుబడ్డాక నాలుగు పిస్టుల్లో ఎటు చూడాలో తెలియక మెడ నొప్పెట్టింది. 15 పాయింట్ల మ్యాచ్, 8 దగ్గర ఒక్క నిమిషం విరామం. ఆ విరామంలోనే నేను నీళ్లకి లేచేదాన్ని.

బ్రూనే మ్యాచ్ వచ్చినప్పుడల్లా ఫ్రెంచి జనం కాళ్లతో స్టాండ్లు దడదడలాడించారు. మా వరసలో మేం ముగ్గురమే చేతులు కట్టుకుని కూర్చున్నాం.

సాయంత్రం బయటికి తోలేశాక, దోసె ముందు పెట్టుకుని ఫైనల్స్ ఫోన్‌లో చూశాం. మేము పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. కాంస్యం మ్యాచ్‌లో ఉక్రెయిన్‌కి చెందిన ఓల్హా ఖర్లాన్ 5-11 వెనకబడి కూడా 15-14తో గెలిచింది. ఫైనల్ ఇద్దరు ఫ్రెంచి అమ్మాయిల మధ్య. సారా బాల్జే మీద 15-12తో స్వర్ణం మా దాయాది బ్రూనేదే. మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే భవానీ ఓడింది ఈవిడ చేతిలోనే కదా" అంది, ఏదో బాకీ తీరినట్టు.

పడుకోబోయే ముందు అదే ఫోన్‌లో ఇంకో వార్త చూపించింది. పగలు మేం చూసిన ఈజిప్టు సేబర్ క్రీడాకారిణి నదా హఫీజ్ ఏడు నెలల గర్భంతో ఆడిందట! అమెరికా అమ్మాయి మీద 15-13తో గెలిచిన మ్యాచ్ అది. తర్వాతి రౌండ్‌లో కొరియా అమ్మాయి చేతిలో ఓడిపోయింది.

"నువ్వు చూశావుగా ఆ మ్యాచ్?" అని అడిగింది మా అమ్మాయి. 8 దాకా చూశాను. తిరిగొచ్చేసరికి చేతిలో నిండు బాటిల్ ఉంది గానీ, పిస్ట్ మీద వేరే ఇద్దరు నిలబడి ఉన్నారు.