హిరోషిమా నో పికా: యుద్ధం పాఠానికి నేను తీసుకెళ్లే బొమ్మల పుస్తకం

జపాన్ నగరం హిరోషిమాపై పడిన అణుబాంబు వల్ల 1945 చివరికల్లా సుమారు 1,40,000 మంది చనిపోయారని చెబితే ఐదో తరగతి పిల్లలు అంకెను శ్రద్ధగా రాసుకుంటారు. అంతకు మించి ఏమీ జరగదు. అందుకే ఆ పాఠం వచ్చినప్పుడల్లా జపాన్ చిత్రకారిణి తొషి మరుకి 1980లో కథ రాసి, బొమ్మలు వేసిన ఈ పుస్తకం చదివి వినిపిస్తాను. ఇంగ్లిష్ కూర్పు 1982లో వచ్చింది, మరుసటి ఏడాది బాచెల్డర్ పురస్కారం (అనువాద బాల సాహిత్యానికి అమెరికాలో ఇచ్చేది) పొందింది.

కథ మీచాన్ అనే ఏడేళ్ల పాపది. ఆగస్టు 6 ఉదయం అమ్మానాన్నలతో కలిసి చిలగడదుంపలు తింటుండగా ఆకాశం మెరుస్తుంది. పేరులోని ‘పికా’ ఆ మెరుపే. గాయపడిన భర్తను వీపున వేసుకుని, కూతురిని వెంటబెట్టుకుని తల్లి నది వైపు పరుగు తీస్తుంది. పేజీల నిండా ఎర్రటి మంటలే. అయినా పిల్లలు ఆగిపోయేది అక్కడ కాదు, మీచాన్ పిడికిలి దగ్గర. పొద్దున తింటూ పట్టుకున్న చాప్‌స్టిక్స్ రోజులు గడిచినా ఆ చేతిలోనే ఉంటాయి. చివరికి తల్లి ఒక్కొక్క వేలూ విప్పి తీస్తుంది. “ఎందుకు వదల్లేదు టీచర్?” అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను జవాబు చెప్పను. పక్కన కూర్చున్నవాళ్లే చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. రెక్కలు కాలి, ఎగరలేక గెంతుతున్న పిట్ట బొమ్మ దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడరు.

తొషి, ఆమె భర్త ఇరి బాంబు పడిన కొద్ది రోజులకే హిరోషిమా వెళ్లారు. అది ఇరి పుట్టిన ప్రాంతం. బొమ్మల్లో ఊహ తక్కువ, చూసింది ఎక్కువ అనిపించడానికి కారణం అదే.

నాకున్న ఫిర్యాదు ఒకటే, చిన్నది కాదు. ఆ యుద్ధం అక్కడిదాకా ఎలా వచ్చిందో ఈ కథ చెప్పదు. 1937లో జపాన్ సైన్యం చైనాలో సాగించిన దాడి, 1941లో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై చేసిన దాడి తెలియకపోతే, బాంబు ఆకాశం నుంచి ఊరికే ఊడిపడిందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. ఆ వెలితి పూడ్చడానికి ఈ దంపతులే గీసిన మరో చిత్రం నాకు ఆసరా. 1972 నాటి ‘కాకులు’లో జపాన్‌లో అణుబాంబుకు బలైన కొరియన్ల శవాలపై కాకులు మూగి ఉంటాయి, పైన తెల్లని కొరియా దుస్తులు తేలుతుంటాయి. కొరియా వాళ్లు అక్కడ ఎందుకున్నారని పిల్లలు అడిగితే, జపాన్ కొరియాను 1910 నుంచి పాలించిన సంగతి, అక్కడివారిని బలవంతంగా పనికి తెచ్చిన సంగతి చెప్పక తప్పదు.

తొమ్మిదేళ్లలోపు వాళ్లకు ఈ పుస్తకం వద్దు. కాలిన శరీరాలు, బట్టలు లేని మనుషులు ఉంటారు. పెద్ద పిల్లలకైనా ఒంటరిగా చదువుకోమని ఇవ్వకండి, పక్కన కూర్చుని చదవండి. పీరియడ్ చివర్లో మొదలుపెట్టకండి. గంట కొట్టేసరికి ప్రశ్నలు సగంలో ఉంటాయి, వాటితోనే ఇంటికి పోతారు. చదివిన వెంటనే పరీక్ష పెట్టడం మాత్రం చేయకండి, దయచేసి.