నెల్లూరు ఎండలో, తేమలో వినైల్ ఫ్లోరింగ్, కార్పెట్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

వినైల్, కార్పెట్ రెండూ ఒకే ఇంట్లో వేయించి ఇన్నేళ్లు వాడినవాళ్లు మా వైపు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. మాది నెల్లూరు. 1980ల్లో కట్టిన ఇల్లు, కింద అంతా మొజాయిక్, పైన తర్వాత వేసిన గదులు. 2019లో కింద హాల్లో, ఒక బెడ్‌రూమ్‌లో ఎస్‌పీసీ అనే రకం వినైల్ ప్లాంకులు, అంటే అంచులు ఒకదాంట్లో ఒకటి లాక్ అయ్యే పొడవాటి పలకలు, వేయించాం. పైన ఏసీ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్. వినైల్ ఇప్పటికీ గట్టిగా ఉంది. కార్పెట్ తీసేశాం.

చీమకుర్తి గ్రానైట్ పక్కనే పెట్టుకుని ఈ ప్లాస్టిక్ ఏందిరా అని మా మామయ్య అడిగాడు. అడగాల్సిన మాటే. కొత్తగా కట్టుకునేవాళ్లకి నేను కూడా గ్రానైట్టో టైల్సో వేయించుకోమనే చెప్తా. మా సంగతి వేరు. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో పాత మొజాయిక్ పగలగొట్టించాలంటే దుమ్ము, చప్పుడు, వారాల తరబడి సామాన్లు వరండాలో. పైగా నాన్నకి మోకాళ్ల నొప్పులు, నున్నటి టైల్స్ మీద తడి పడితే ఎక్కడ జారతారోనని మాకు టెన్షన్. ఎస్‌పీసీ అయితే పాత నేల మీదే పరుచుకుంటూ పోతారు, తలుపుల అడుగున కొంచెం చెక్కితే చాలు. ఆయన ఇప్పుడు చెప్పుల్లేకుండా ధైర్యంగా నడుస్తున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ తృప్తి ఇచ్చింది అదే.

షాపులో ముందు డిజైన్ చూపిస్తారు, తర్వాత మందం చెప్తారు, 4 ఎంఎం, 5 ఎంఎం అని. ఆ మందంలో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలకే. ఇసుక, కుర్చీ కాళ్లు, చెప్పులు రాసుకునేది పైనున్న పల్చటి పొరకి, దాన్ని వేర్ లేయర్ అంటారు. డబ్బులు పెట్టాల్సింది దాని మీద. 0.3 ఎంఎం ఇళ్లకి సరిపోతుంది, 0.5 ఎంఎం జనం ఎక్కువ తిరిగే షాపులకి, ఆఫీసులకి వేస్తారు. మేం హాలుకి 0.5, బెడ్‌రూమ్‌కి 0.3 తీసుకున్నాం. తేడా ఇప్పుడు తెలుస్తోంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు బెడ్‌రూమ్‌లో బీరువా ముందు సన్నటి గీతలు కనిపిస్తాయి, అంతకంటే పది రెట్లు తొక్కిన హాల్లో అలాంటివి లేవు. కొన్ని పెట్టెల మీద మిల్ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కలో రాసి ఉంటుంది. 12 మిల్ అంటే 0.3 ఎంఎం, 20 మిల్ అంటే 0.5 ఎంఎం. ఎక్కడా రాసి లేకపోతే ఆ సరుకు వదిలేయండి.

రోల్ లెక్కన అమ్మే పల్చటి షీటు సంగతి కూడా చెప్తా, మా చెల్లి వాళ్లు అద్దె ఇంట్లో వేశారు. చవక, ఒక పూటలో పని అయిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు చుట్టేసుకుని పోవచ్చు. కానీ ఫ్రిజ్ జరిపితే చిరుగుతుంది, గ్యాస్ సిలిండర్ లాగితే గాడి పడుతుంది, సింకు ముందు నిలబడే చోట ఏడాది తిరక్కుండానే డిజైన్ అరిగి తెల్లబడింది. అద్దె ఇంటికి సరే, సొంతింటికి వద్దు.

ఇక అసలు విషయం తేమ. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పాత ఇళ్లలో నేల కింది నుంచి చెమ్మ పైకొస్తుంది. వినైల్ నీళ్లకి పాడవదు అనేది నిజమే, కానీ కింద ఇరుక్కున్న తేమకి బయటికి దారి ఉండదు. అక్కడ బూజు పడుతుంది, గమ్‌తో అతికించిన రకమైతే గమ్ వదిలేస్తుంది. కనుక్కోవడం తేలిక. రెండడుగుల పాలిథీన్ కవర్ ముక్క నేల మీద పరిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసి చూసినప్పుడు అడుగున నీటి బొట్లు కనిపిస్తే అక్కడ వేయించకండి. మా ఇంట్లో బాత్రూమ్ పక్కనున్న వెనక గదిలో కవర్ లోపల చెమట పట్టినట్టు ఉంది, అందుకే ఆ గది మొజాయిక్‌తోనే ఉంచేశాం. హాలు పొడిగా వచ్చింది.

రెండోది ఎండ. మా హాలుకి పడమటి వైపు పెద్ద కిటికీ. మొదటి మే నెలలోనే కిటికీ ముందు రెండు ప్లాంకుల అతుకు పైకి లేచి గుడారం కట్టింది, కాలు పెడితే టక్కుమని చప్పుడు. వేసిన షాపువాళ్లని పిలిస్తే సరుకు లోపం, మేమేం చేస్తాం అన్నారు. వేరే ఫిట్టర్‌ని పిలిపించాం. అతను స్కర్టింగ్ (గోడ అడుగున కొట్టే పట్టీ) ఊడదీసి చూపించాడు, ప్లాంకు అంచు గోడకి ఆనుకుని బిర్రుగా ఉంది. వేడికి సాగడానికి గోడ దగ్గర 8 ఎంఎం దాకా ఖాళీ వదలాలి, వాళ్లు వదల్లేదు. ఆ వరసంతా అంచు కోసేసరికి సాయంత్రానికల్లా గుడారం దానంతట అదే కిందికి దిగిపోయింది. మళ్లీ లేవలేదు. స్కర్టింగ్ కొట్టకముందే ఆ సందు మీ కళ్లతో చూసుకోండి. కిటికీకి మందపాటి కర్టెన్ కూడా వేయండి, లేకపోతే రంగు వెలుస్తుంది.

రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ వినైల్ మీద వేయకండి. రబ్బరులోని రసాయనం పొరలోకి దిగి పసుపు, గోధుమ కలిసినట్టు మచ్చ కడుతుంది. దేనితో తుడిచినా పోదు. నూలు పట్టా వేసుకోండి. టైల్స్‌కి వాడే యాసిడ్ దీని దగ్గరికి రానివ్వద్దు. నీళ్లలో కొద్దిగా క్లీనర్ కలిపి, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. సబ్బు ఎక్కువైతే జిడ్డు పొర కట్టి మసకబారుతుంది.

వేసవి సుఖం మాత్రం మొజాయిక్‌దే, ఇది ఒప్పుకోవాలి. మధ్యాహ్నం భోంచేసి వట్టి నేల మీద నడుం వాల్చే అలవాటున్నవాళ్లకి వినైల్ చల్లగా తగలదు, చెమట పడితే వీపుకి అంటుకుంటుంది. అమ్మ ఇప్పటికీ ఎండాకాలం ఆ వెనక గదిలోనే పడుకుంటుంది.

కార్పెట్ గురించి. మేం వేసింది పాలీప్రొపిలీన్ లూప్ రకం, మెత్తగా, చూడ్డానికి గొప్పగా ఉండేది. కానీ తుపాను రోజుల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే, తడి బట్టలు మూటగట్టి ఉంచినట్టు వాసన. మైపాడు బీచ్‌కి పోయొచ్చిన ప్రతిసారీ సన్న ఇసుక కుచ్చుల మొదళ్లలోకి దిగిపోయేది, వాక్యూమ్ చేసినా మొత్తం రాదు, ఆ ఇసుకే దారాల్ని అరగదీస్తుంది. తేమ ఎక్కువున్న చోట దుమ్ముపురుగులు కూడా పెరుగుతాయి. పిల్లాడి తుమ్ములు ఆగకపోయేసరికి డాక్టరు ముందు ఆ కార్పెట్ తీసేయమన్నారు, తీశాక బాగా తగ్గాయి. ఒకసారి చుట్టాలొచ్చినప్పుడు చేపల పులుసు రెండు చోట్లా ఒలికింది. వినైల్ మీద తుడిస్తే పోయింది, అతుకులో మిగిలిన పసుపు కూడా వెలుతురికి కొన్నాళ్లలో వెలిసిపోయింది. కార్పెట్ మీద నూనె, చింతపండు కలిసిన ఆ మచ్చ తీసేసే రోజు దాకా అలాగే ఉంది. మెత్తదనం కావాలంటే మంచం పక్కన చిన్న తివాచీ ముక్క పరుచుకోండి, ఎత్తి దులిపి ఎండలో వేయొచ్చు.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు మా పిన్ని వాళ్లింట్లో నీళ్లు దూరాయి. వాళ్లదీ ఎస్‌పీసీయే. పైన తుడిచి ఊరుకోకుండా మొత్తం ఊడదీసి, బురద కడిగి, నేల పూర్తిగా ఆరాక మళ్లీ వేయించారు. లాక్ విరిగినవి కొన్ని పోయాయి, మిగతావి పనికొచ్చాయి. గమ్‌తో అతికించి ఉంటే అన్నీ పారేయాల్సి వచ్చేది.

కొనేటప్పుడు ఒక పెట్టె అదనంగా తీసుకుని మంచం కిందో అటక మీదో చదునుగా పడుకోబెట్టి ఉంచండి, గోడకి నిలబెడితే వంగిపోతాయి. మేం వేసిన డిజైన్ ఇప్పుడు ఏ షాపులోనూ దొరకట్లేదు.