పర్లాకిమిడి బజారులో ఆఫ్రికా జీడిపప్పు: సరుకు ఎలా ఉంది?

పర్లాకిమిడి బజారులోని ఒక జీడిపప్పు దుకాణంలో డబ్బాలు రెండు వరుసలుగా ఉంటాయి. ఒక వరుస మీద ‘దేశవాళీ’ అనీ, రెండవ వరుస మీద ‘ఆఫ్రికా’ అనీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టారు. జీడిపప్పు బట్టీలకు పేరుపడ్డ పలాసకు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఆఫ్రికా పిక్కల (పెంకు తీయని జీడిగింజల) పప్పు తినడం కొత్తేమీ కాదు గానీ, దాన్ని ఆ పేరు చెప్పి అమ్మే వ్యాపారి అరుదు. ఆ నిజాయితీయే నన్ను ఈ సమీక్షకు పురికొల్పింది.

ఆఫ్రికా వరుసలోని గుండు పప్పు 320 రకం, అంటే పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 300 నుంచి 320 పలుకులు తూగేది. పలుకులు తెల్లగా, ఒకే తీరులో ఉన్నాయి. నేతిలో వేయిస్తే రంగు సమంగా తిరిగింది. గజపతి జిల్లా కొండవాలుల్లో పండిన పప్పుకున్న తీపి మాత్రం దీనికి లేదు. పాకానికీ, పండగ పిండివంటలకూ దేశవాళీయే మేలు. ఉప్మాకూ, పులావుకూ, కూరల్లో ముద్దగా నూరి వేయడానికీ ఆఫ్రికా బద్ద సరిపోతుంది, ధర కూడా తక్కువ. పొట్లం అడుగున పొట్టు వదలని ముక్కలు కొన్ని కనిపించాయి. పంట ఏ ఏటిదో డబ్బా మీద రాయకపోవడం అంతకంటే పెద్ద లోపం, ఎందుకంటే పాత పిక్కల పప్పు త్వరగా ముక్కిపోతుంది.

సరుకును ఎలా ఎంచుతారని అడిగితే, “రంగు చూసి కొనమండి, బస్తాకు ఎంత పప్పు దిగుతుందో చూసే కొంటాం” అన్నాడు దుకాణదారు. 80 కిలోల బస్తాకు 48 పౌన్లు, అంటే సుమారు 22 కిలోల పప్పు దిగితే మంచి పిక్కల కిందే లెక్క.

మనం చెల్లించే ధరలో ఆఫ్రికాకు చేరేది పిక్కల ఖరీదు మాత్రమే. ప్రపంచపు జీడిపిక్కల్లో సగానికి పైగా ఆ ఖండంలోనే పండుతాయి. ఐవరీ కోస్ట్ ఒక్కటే ఏటా పది లక్షల టన్నులకు అటూ ఇటూగా పండిస్తోంది. అయినా ఉడికించి, పగలగొట్టి, పొట్టు తీసి, రకాలుగా వేరు చేసే పని ఎక్కువగా వియత్నాంలోనూ మన దేశంలోనూ జరుగుతుంది. అమెరికావారు తినే జీడిపప్పులో అధిక భాగం వియత్నాం నుంచి వెళ్లేదే, అందులో ఆఫ్రికా పిక్కల వాటా ఎంత పెద్దదైనా సరే.

ఆఫ్రికా ఎగుమతులను పెంచాలని అమెరికా 2000 మే నెలలో ఒక చట్టం చేసి, సహారాకు దక్షిణాన ఉన్న అర్హత గల దేశాల వేలాది సరుకులకు సుంకం తీసివేసింది. 2015లో దానిని మరో పదేళ్లు పొడిగించింది. లెసోతో, కెన్యా దుస్తులూ, దక్షిణాఫ్రికా కార్లూ దానివల్ల లాభపడ్డాయి. కానీ చాలా ఏళ్లపాటు ఆ ఖాతాలో సింహభాగం నైజీరియా, అంగోలాల ముడిచమురుదే. జీడిపప్పు విషయంలో ఆ రాయితీకి అసలు పనే లేదు, ఎందుకంటే అమెరికా సాధారణ సుంకాల పట్టికలోనే దానిపై సుంకం లేదు. ఆఫ్రికాలో కొరత ఫ్యాక్టరీలదీ, కరెంటుదీ, పెట్టుబడిదీ, ఆహార భద్రత ధ్రువపత్రాలదీ. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద జీడి దేశంగా ఉన్న మొజాంబిక్‌లో, 1990లలో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో పిక్కల ఎగుమతిపై ఆంక్షలు సడలించాక పప్పు ఫ్యాక్టరీలు వరుసగా మూతపడి, వేల మంది కూలి పోగొట్టుకున్నారు.

పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ ఇందుకు వ్యతిరేక దారి పట్టి, 2024 ఏప్రిల్ నుంచి పిక్కల ఎగుమతిని నిషేధించింది. మిగతా దేశాలూ అదే బాట పడితే పలాస బట్టీలకు సరుకు కరువై, ఈ దుకాణంలో రెండో వరుస పలచబడవచ్చు. కొనేవాడిగా అది నాకు నష్టమే, అయినా ఆ దేశాల పట్టుదల న్యాయమైనదే అనుకుంటాను.

మొత్తం మీద దుకాణానికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పంట ఏడాది కూడా డబ్బా మీద రాస్తే ఆ మిగిలిన ఒక్కటీ ఇచ్చేస్తాను. పెళ్లిళ్ల కాలంలో గుండు పప్పు త్వరగా అయిపోతుంది, ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.